స్టోర్సా, పర్చేజా, డిస్పాచా? శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్లాంట్ ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి

మొన్న ఆదివారం మా అప్ప కొడుకు చీపురుపల్లి నుంచి బండేసుకుని వచ్చాడు, చేతిలో మూడు ఆఫర్లు. ఒకటి పైడిభీమవరం ఫార్మా ప్లాంట్‌లో స్టోర్స్ అసిస్టెంట్, కాంట్రాక్టర్ రోల్స్ మీద. రెండోది బొబ్బిలి వైపు ఒక చిన్న ఫర్నేస్ యూనిట్, పోస్టు పేరు మాత్రం పర్చేజ్ ఎగ్జిక్యూటివ్. మూడోది వైజాగ్‌లో కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు, అందులో డాక్యుమెంటేషన్ పని. "ఏటి చెయ్యమంటావు మావయ్యా, బొబ్బిలోడు ఇరవై వేలు చేతికిస్తానంటన్నాడు, ఫార్మావోడు పదహారున్నరే అంటన్నాడు, పైగా కాంట్రాక్టు" అని కూర్చున్నాడు. మా అప్ప అప్పటికే ఫోన్లో చెప్పేసింది, ఎక్కువ డబ్బులిచ్చేదాన్లో చేరమని. ఆవిడ లెక్క ఆవిడది.

నేను పన్నెండేళ్ళుగా ప్లాంట్లలోనే ఉన్నా, ఎనిమిదేళ్ళు స్టోర్స్, తర్వాత నాలుగేళ్ళ నుంచి లోకల్ పర్చేజ్. వాడికి ఆ రోజు సాయంత్రం దాకా కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న ఏడాదికి నలుగురైదుగురు అడుగుతారు నన్ను, ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేదు.

ముందు ఒక విషయం తెలుసుకోండి, చాలామంది దీని దగ్గరే పొరబడతారు. పర్చేజ్ ఉద్యోగం కావాలని మనవాళ్ళు పైడిభీమవరం, రణస్థలం పేరు కొట్టి జాబ్ సైట్లన్నీ వెతుకుతారు, ఏమీ దొరక్క ఇక్కడ ఉద్యోగాలే లేవనుకుంటారు. ఉద్యోగాలున్నాయి, కానీ పర్చేజ్ కుర్చీ ఇక్కడ ఉండదు. పెద్ద కంపెనీ ఏదైనా సరే ముఖ్యమైన ముడిసరుకు, సాల్వెంట్లు, మెషినరీ అన్నీ హెడ్డాఫీసులో కూర్చుని కొంటారు, ఫార్మా అయితే దాదాపు హైదరాబాదే. ప్లాంట్‌లో మిగిలేది స్టోర్స్, డిస్పాచ్, ఇంజనీరింగ్ స్పేర్లు, ఇంకా లోకల్ పర్చేజ్ అనే చిన్న గది, అందులో ఇద్దరో ముగ్గురో. ఆ గదిలో ఖాళీ వచ్చిందంటే బయట యాడ్ పడేలోపే స్టోర్స్‌లో ఉన్న ఎవడో ఒకడు అందులోకి వెళ్ళి కూర్చుంటాడు. నేను వెళ్ళింది అలాగే. అందుకే బయటనుంచి వచ్చేవాడికి గేటు అంటే స్టోర్సే, ఇంకో దారి ఉంది గాని అది వైజాగ్ మీంచి తిరిగొస్తుంది, దాని సంగతి తర్వాత చెప్తా.

ఇంకోటి, వెతికేటప్పుడు జిల్లా పేరు నమ్ముకోకండి. 2022లో జిల్లాలు మార్చాక రాజాం విజయనగరంలో కలిసింది, సాలూరు, సీతానగరం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయాయి, సైట్లలో సగం యాడ్లు ఇంకా పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. ఊరి పేరుతో వెతకండి, రణస్థలం, ఎచ్చెర్ల, చిలకపాలెం, గరివిడి, బొబ్బిలి, కొత్తవలస, ఇలాగ.

ఇక ఏ రకం ప్లాంటు అనేది. మన వైపు స్థూలంగా నాలుగు రకాలు, కానీ నాలుగింటినీ ఒకే తూకంలో పెట్టలేం.

ఫార్మా, కెమికల్స్ మొదట. హైవే పక్కనే పైడిభీమవరంలో ఉన్నవి, చిలకపాలెం దగ్గర పురుగుమందులవి, వీటిల్లో స్టోర్స్ అంటే గోడౌన్ కాపలా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక డ్రమ్ము లోపలికొచ్చిన దగ్గర్నుంచి దానికో జాతకం ఉంటుంది. గేట్లో ఇన్‌వాయిస్, ఈవే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్లో తీసేది), సీఓఏ (సప్లయర్ ఇచ్చే నాణ్యత సర్టిఫికెట్) చూస్తారు, డ్రమ్ము మీది బ్యాచ్ నంబరు కాయితం మీది నంబరుతో కలవాలి, సప్లయర్ మన అప్రూవ్డ్ వెండర్ లిస్టులో ఉండాలి. తర్వాత పసుపు స్టిక్కరు, అంటే అండర్ టెస్ట్. క్యూసీ (నాణ్యత పరీక్ష) వాళ్ళు శాంపిల్ తీసి పాస్ చేస్తే పచ్చ స్టిక్కరు, ఫెయిలయితే ఎర్రది, ఎర్రదానికి తాళం వేసిన గది వేరే. పచ్చ పడకుండా ఒక్క కిలో ప్రొడక్షన్‌కి ఇచ్చినా మీ ఉద్యోగం మీద మాటొస్తుంది. ఇష్యూ చేసేటప్పుడు ముందొచ్చింది ముందు అని కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు, వీళ్ళ పద్ధతి అది. ట్యాంకర్లో మిథనాలో టాలుయీనో లాంటి మండే ద్రవం వస్తే ఎర్తింగ్ క్లాంప్ పెట్టకుండా వాల్వు ముట్టుకోనివ్వరు, స్టాటిక్ నిప్పురవ్వ ఒక్కటి చాలు మరి.

ఇదంతా విని మా వాడు "అబ్బా ఇంత గోలా" అన్నాడు. ఈ గోలే రేపు మీ రెజ్యూమేలో అమ్ముడయ్యేది. జీఎంపీ (మందుల తయారీ నాణ్యత నియమాలు) పాటించే ప్లాంట్‌లో మూడేళ్ళు స్టోర్స్ చేసినోడికి వైజాగ్ పక్క పరవాడలో, హైదరాబాద్‌లో, ఎక్కడైనా పిలిచి ఇస్తారు, ఎందుకంటే ఆడిటర్ ముందు నిలబడి లాగ్‌బుక్ చూపించడం అనేది పుస్తకంలో నేర్చుకునేది కాదు.

నా సంగతే చెప్తా. చేరిన రెండో ఏడు, నెలాఖరు, సాయంత్రం అయిదున్నర, బస్సుకి టైమవుతోంది, ఇరవై డ్రమ్ములు దిగాయి. పద్దెనిమిదింటి మీద ఒక బ్యాచ్, రెండిటి మీద చివరి అంకె తేడా. నేను పైన కనపడ్డ నాలుగు చూసి అన్నీ అదే బ్యాచ్ అని జీఆర్ఎన్ (సరుకు అందినట్టు ఎంట్రీ) కొట్టేసి బస్సెక్కేశా. మూడు వారాల తర్వాత ఆడిట్లో ఆ రెండు డ్రమ్ముల దగ్గర ఆగిపోయారు. సరుకు మంచిదే, పాడైందేమీ లేదు, సప్లయర్ రెండో బ్యాచ్ సీఓఏ పెట్టడం మర్చిపోయాడంతే, కానీ డీవియేషన్, అంటే పద్ధతి తప్పిందన్న రిపోర్టు, రాసింది నేను, మేనేజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడిందీ నేను, ఆ ఏడాది ఇంక్రిమెంట్ అందరికన్నా తక్కువొచ్చిందీ నాకే. ఆ తర్వాత నేను ప్రతి డ్రమ్మూ వేలు పెట్టి లెక్కపెట్టకుండా సంతకం చెయ్యలేదు. బస్సు మిస్సయితే ఆటోలు ఉన్నాయి.

రెండోది ఫెర్రో ఎల్లాయిస్, అంటే స్టీలు తయారీలో కలిపే లోహాలు చేసేవి, గరివిడి, బొబ్బిలి, కొత్తవలస వైపు. ఇక్కడ మనిషికి కావాల్సింది వేరే తెలివి. డ్రమ్ములు, స్టిక్కర్లు కాదు, లారీలు లారీలు మాంగనీసు ఓర్, కోక్, క్వార్ట్జ్, డోలమైట్. ఇక్కడ దేవుడు వేబ్రిడ్జి. లారీ లోడుతో ఎక్కినప్పుడు గ్రాస్, దించి వెళ్ళేటప్పుడు టేర్, రెండిటి తేడా నెట్, ఇది చిన్నపిల్లాడికీ తెలుసు, కానీ అసలు డబ్బు పోయేది తేమలో. ఒప్పందంలో అయిదు శాతం మాయిశ్చర్ అని రాసుకుంటాం, వానాకాలంలో ఓర్ ఎనిమిది శాతంతో వస్తుంది, ముప్ఫై టన్నుల లారీకి మూడు శాతం తేడా అంటే తొమ్మిది వందల కిలోల నీళ్ళకి మనం ఓర్ రేటు కట్టినట్టు. ఇలాంటి లారీలు రోజుకి పాతిక వస్తే లెక్క మీరే వేసుకోండి. శాంపిల్ ఎక్కడినుంచి తీస్తున్నారు, లారీ పైనుంచా అడుగునుంచా, డ్రైవర్ లోపల ఉండగా టేర్ తీశారా దిగాక తీశారా, ఇవి చూసే కళ్ళున్నోడికి ఇక్కడ విలువ. రైల్వే సైడింగ్ పని నేర్చుకుంటే ఇంకా మంచిది, 58 వ్యాగన్ల రేక్ ఒకటి వచ్చిందంటే మూడున్నర వేల టన్నుల పైమాటే, ఫ్రీ టైమ్‌లో దించకపోతే గంటకింత డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది, ఆ రాత్రి ఎవడూ నిద్రపోడు.

ఇక్కడ చిక్కేంటంటే ఈ పరిశ్రమ కరెంటు తాగి బతుకుతుంది. కరెంటు రేటు పెరిగినా స్టీలు మార్కెట్ పడిపోయినా ఫర్నేస్ ఆపేస్తారు, ఫర్నేస్ ఆగితే మొదట కాంట్రాక్టు వాళ్ళని, తర్వాత స్టాఫ్‌ని సగం జీతం మీద ఇంటి దగ్గర ఉండమంటారు. అందుకే ఫెర్రోలో చేరాలనుకుంటే రెండు మూడు ఫర్నేస్‌లుండి, గత రెండేళ్ళలో ఎన్ని నెలలు నడిచిందో కనుక్కుని చేరండి. ఎవర్నడగాలి అంటే హెచ్‌ఆర్‌ని కాదు, గేటెదురుగా టీకొట్టు ఆయన్ని.

మూడోది పాతకాలం వ్యవహారం, జూట్ మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, పలాస జీడిపప్పు. దీని మీద ఎక్కువ రాయను. చక్కెరకి సీజన్ నాలుగైదు నెలలు, మిగతా నెలలు మెయింటెనెన్సు. గోగునార, జనపనార కొనుగోలు తెలిసినోళ్ళు తరాలుగా ఉన్నారు, చేత్తో పట్టుకుని గ్రేడు చెప్పేస్తారు, కొత్త కుర్రాడికి ఆ కుర్చీ ఇవ్వరు. పలాసలో జీడి పిక్కలు ఆఫ్రికా నుంచి కూడా దిగుతాయి, కొనేది మాత్రం యజమానే, మీకు దొరికేది లెక్కలు రాసే పని. ఇంటి పక్కనే ఉంటే, పొలం కూడా చూసుకోవాలంటే సరే. పర్చేజ్‌లో ఎదగాలని ఉంటే వద్దు.

నాలుగోది వైజాగ్ దారి. కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు, ఫ్రైట్ ఫార్వర్డర్, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ, పోర్టు చుట్టూ ఉండేవి. జీతం మొదట్లో తక్కువ, రూమ్ అద్దె, మెస్సు ఖర్చు మీదే. కానీ నేర్చుకునేది చాలా ఉంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి కాయితం), షిప్పింగ్ బిల్లు (ఎగుమతి కాయితం), హెచ్‌ఎస్ కోడు (సరుకు ఏ రకమో చెప్పే నంబరు), కంటైనర్ పోర్టులోనే ఉండిపోతే డెమరేజ్, బయటికి తీసుకెళ్ళి ఖాళీది తిరిగివ్వకపోతే డిటెన్షన్, ఈ రెండిటికీ తేడా తెలీక ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్దోళ్ళే తికమక పడతారు. కస్టమ్స్‌లో క్లియరింగ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చే హెచ్ కార్డు, జీ కార్డు అని ఉంటాయి, పరీక్ష రాసి జీ కార్డు తెచ్చుకున్నోడికి ఆ లైన్లో అన్నం కరువుండదు. రెండేళ్ళు అక్కడ చేసి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ ఉన్న ఏ ప్లాంట్‌కైనా లాజిస్టిక్స్ ఎగ్జిక్యూటివ్‌గా రావచ్చు, ముందు చెప్పిన రెండో దారి ఇదే. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు వల్ల ముందు ముందు ఈ పని తెలిసినోళ్ళు మన వైపే కావాల్సొస్తారని నా నమ్మకం, అలాగని పోర్టులో ఉద్యోగం వస్తుందని ఇంట్లో కూర్చుని ఎదురుచూడమని కాదు, ఇప్పుడు పని నేర్చుకుంటే అప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు జీతం మాట, మా వాడి మూడు కాయితాలు పక్కపక్కన పెట్టి చూసింది ఇక్కడే.

ఫార్మా కాంట్రాక్టు పదహారు వేల అయిదొందలు గ్రాస్. అందులో బేసిక్, డీఏ కలిపి పదకొండు వేలు, దాని మీద పన్నెండు శాతం పీఎఫ్ అంటే 1,320 కోత. 21 వేల లోపు కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, 124. ప్రొఫెషనల్ టాక్స్ 150. చేతికి 14,906. బొబ్బిలి ఇరవై వేలు నేరుగా చేతికి, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, పే స్లిప్పు అడిగితే "మన మధ్య అవన్నీ ఎందుకు తమ్ముడూ" అన్నాట్ట ఓనరు. వైజాగ్ పద్నాలుగు వేలు, పెట్రోలు ఇస్తారు, పీఎఫ్ ఆరు నెలల తర్వాత అని.

అప్ప లెక్కలో బొబ్బిలి అయిదు వేలు ఎక్కువ. నా లెక్క వేరు. ఫార్మాలో మీ దగ్గర కోసిన 1,320కి యజమాని వైపు నుంచి కూడా అంతే పడుతుంది, ఈఎస్ఐలో ఇంట్లోవాళ్ళ వైద్యం కూడా కవర్ అవుతుంది, ఇవి సరే. అంతకన్నా ముఖ్యం యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు. ఈ రోజుల్లో పెద్ద కంపెనీ ఏది తీసుకున్నా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ చూస్తుంది, అందులో లేని అనుభవం లేనట్టే. బొబ్బిలిలో మూడేళ్ళు ఇరవై వేలు తీసుకుని బయటికొచ్చాక వాడు మళ్ళీ ఫ్రెషరే, చేతిలో ఒక లెటర్‌హెడ్ కాయితం తప్ప ఏమీ ఉండదు. ఇంకో మాట, అక్కడ పర్చేజ్ ఎగ్జిక్యూటివ్ అంటే నిజానికి ఏం చెయ్యాలని అడిగితే, ఓనరు రేటు మాట్లాడేస్తాడు, వీడు వెళ్ళి బేరింగులు, బోల్టులు వైజాగ్ నుంచి బండి మీద తేవాలి. అది పర్చేజ్ కాదు, పార్శిల్ సర్వీసు.

అలాగని చిన్న యూనిట్లన్నీ అంతే అనను. పీఎఫ్ కట్టి, మూడు కొటేషన్లు తెప్పించి, పోలిక పట్టిక వెయ్యనిచ్చే చిన్న యూనిట్ దొరికితే పెద్దదాంట్లో మూలన కూర్చోడం కన్నా అదే మంచిది, మొత్తం పని ఒక్కడి చేతిలో ఉంటుంది, రెండేళ్ళలో నాలుగేళ్ళ పని వస్తుంది. కానీ అలాంటిది తక్కువ, దొరికిందంటే వదలకండి.

కాంట్రాక్టు రోలా కంపెనీ రోలా అనేది మనవాళ్ళని బాగా భయపెడుతుంది. నిజమే, కాంట్రాక్టర్ మారితే మళ్ళీ కొత్త ఐడీ కార్డు, బోనసు తక్కువ, సిరిమాను పండగ రోజు సెలవు అడిగితే కంపెనీ రోల్ వాళ్ళకి ఇచ్చాక మిగిలితే మీకు. అయినా ఒక్క ప్రశ్న అడగండి, అది తేలితే మిగతావి తర్వాత చూసుకోవచ్చు: నా పేరు మీద శాప్ (సరుకు, కొనుగోలు లెక్కలు నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) లాగిన్ ఇస్తారా? ఇస్తామంటే కాంట్రాక్టైనా చేరండి. మిగో కొట్టడం (వచ్చిన సరుకుని శాప్‌లో ఎక్కించడం), రిజర్వేషన్ (సరుకు కావాలని వేరే డిపార్ట్‌మెంట్ పెట్టిన ఎంట్రీ) మీద ఇష్యూ చెయ్యడం, స్టాక్ రిపోర్టు తియ్యడం మీ చేత్తో మీరు చేస్తారు, ఇండెంట్ (ఫలానాది కావాలని అడిగే కాయితం) నుంచి పీఓ (కొనుగోలు ఆర్డరు), పీఓ నుంచి జీఆర్ఎన్, జీఆర్ఎన్ నుంచి బిల్ పాసింగ్ వరకు గొలుసంతా కళ్ళముందు కనపడుతుంది. ఇవ్వం, డ్రమ్ములు లెక్కపెట్టి చీటీ మీద రాసి లోపల సార్‌కి ఇవ్వడమే అంటే అది లోడింగ్ సూపర్‌వైజర్ పని, ఏడాది మించి ఉండకండి. కంపెనీ రోల్‌లో ఉండి లాగిన్ లేకుండా అయిదేళ్ళు కూర్చున్నోళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాటదు.

డిగ్రీ బట్టి కూడా కొంత తేల్చుకోవచ్చు. బీఎస్సీ కెమిస్ట్రీ అయితే ఫార్మా ముడిసరుకు స్టోర్స్ మీకోసమే. బీకాం అయితే బిల్ పాసింగ్, డిస్పాచ్, క్లియరింగ్ ఆఫీసు, జీఎస్టీ వచ్చు కాబట్టి. డిప్లొమా, ఐటీఐ మెకానికల్ వాళ్ళు మాత్రం అందరూ వదిలేసే ఇంజనీరింగ్ స్టోర్స్ వైపు చూడండి, పోటీ తక్కువ, అదే లోకల్ పర్చేజ్‌కి దగ్గర దారి. రాత్రి రెండింటికి పంపు ఆగిపోయి ఫిట్టర్ వచ్చి "6205 ఉందా" అంటే, 6205 అంటే ఏంటో తెలిసుండాలి. చివరి రెండంకెలు 05, అయిదుతో గుణిస్తే 25, అంటే 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి ఎక్కే బేరింగు. రెండు వైపులా రేకు మూతా రబ్బరు సీలా, లోపల వదులు కొంచెం ఎక్కువుండే సీ3 క్లియరెన్సా మామూలుదా, ఇది అడిగి ఇచ్చేవాడికీ పెట్టె మీద పేరు చూసి ఇచ్చేవాడికీ తేడా మర్నాడు పొద్దున్న ఆ పంపు చెప్తుంది. చదువు అవ్వగానే అయితే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా రిజిస్టర్ అవ్వండి, డిగ్రీ, డిప్లొమా వాళ్ళకి అది ప్లాంట్ లోపలికి వెళ్ళే మర్యాదైన దారి.

డిస్పాచ్ గురించి ఒక్క ముక్క. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు, కానీ ఈవే బిల్లు తప్పితే లారీ ఎక్కడో దారిలో తనిఖీలో ఆగి ఫోన్ మోగేది డిస్పాచ్ వాడికే. సరుకు విలువ 50 వేలు దాటితే ఈవే బిల్లు ఉండాలి, మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది, 1,500 కిలోమీటర్లు అంటే 8 రోజులు. దారిలో బండి చెడిపోయి వేరే బండిలోకి మార్చితే ఈవే బిల్లు పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి, అది మర్చిపోతే పన్నుకి రెండింతలు పెనాల్టీ దాకా వెళ్ళొచ్చు. ప్రమాదకరమైన కెమికల్ అయితే డ్రైవర్ లైసెన్సులో ఆ ఎండార్స్‌మెంట్ ఉందో లేదో, క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసినది) ఉందో లేదో చూసి పంపాలి. ఇవి వచ్చినోడు ఏ ఊర్లోనైనా బతుకుతాడు.

ఇంటర్వ్యూలో నేను అడిగేది ఒకటుంది, ఇక్కడ చెప్పేస్తున్నా, ఎవడైనా చదివి వచ్చినా నాకు సంతోషమే. ఇద్దరు సప్లయర్లు. గుజరాత్ అంకలేశ్వర్ వాడు కిలో 100 రూపాయలు, వాడి ఫ్యాక్టరీ దగ్గర ధర, లారీ ఖర్చు కిలోకి 6 మనదే, డబ్బు అడ్వాన్సు. హైదరాబాద్ వాడు 107, మన గేటు దాకా తెచ్చిస్తాడు, 60 రోజులు అప్పు. ఎవరికిస్తావు? పదిమందిలో తొమ్మిదిమంది 106, 107 చూసి అంకలేశ్వర్ అంటారు. ఏడాదికి పన్నెండు శాతం వడ్డీ వేసుకోండి, 107 మీద 60 రోజులకి రెండు రూపాయల పైన వస్తుంది, అంటే హైదరాబాద్ వాడి ధర నిజానికి 105 కన్నా కొంచెం తక్కువే. పైగా ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన జీఎస్టీలో సర్దుకోవడం) వస్తుంది కాబట్టి జీఎస్టీని రెండువైపులా పక్కన పెట్టొచ్చు అని కూడా ఎవడైనా అంటే వాడికి అక్కడే టీ తెప్పిస్తా. ఇంకొంచెం తెలిసినోడు, ఆ హైదరాబాద్ సప్లయర్ సూక్ష్మ లేదా చిన్న తరహా తయారీదారా సార్ అని అడుగుతాడు, అలా అయితే 60 రోజుల అప్పు కుదరదు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులే గరిష్టం, దాటి బకాయి పెడితే ఆదాయపన్నులో ఆ ఖర్చు కట్టేదాకా ఒప్పుకోరు. అలాంటోడు ఇప్పటిదాకా ఒక్కడే వచ్చాడు, వాణ్ణి మా కన్నా పెద్ద కంపెనీ ఎగరేసుకుపోయింది.

ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్ రాకుండా మాత్రం ఇంటర్వ్యూకి వెళ్ళకండి, రెజ్యూమేలో "ఎంఎస్ ఆఫీస్" అని రాసి సిస్టమ్ ముందు కూర్చోబెడితే చెమటలు పట్టినోళ్ళని చాలామందిని చూశా. శాప్ కోర్సుకి ముప్ఫై వేలు నలభై వేలు పోసి అమీర్‌పేట వెళ్ళడం నా దృష్టిలో దండగ, ముందు స్టోర్స్‌లో చేరండి, మూడు నెలల్లో ఉచితంగా వస్తుంది. ఖర్చు పెట్టాలనే ఉంటే రెండు మూడేళ్ళ అనుభవం తర్వాత ఐఐఎంఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్) వాళ్ళ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చెయ్యండి, అప్పుడు చదివేది అర్థమవుతుంది కూడా.

ఇక డబ్బు కడితే స్టోర్స్‌లో వేయిస్తాం అనే కన్సల్టెన్సీలు. ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు, ఫలానా మేనేజర్ మా బావమరిది, పాతిక వేలు ఇస్తే చాలని. ఒక్క రూపాయి ఇవ్వకండి. వాక్ ఇన్ ఉంటే గేటు దగ్గర బోర్డు పెడతారు, బస్సులో మాటొస్తుంది, లోపల పనిచేసే మీ ఊరోడు రెజ్యూమే ఇస్తే రిఫరల్ అవుతుంది, దీనికి డబ్బెందుకు. ఇంతకీ డబ్బిచ్చి ఈ లైన్‌లోకి వచ్చినోడు మొదటి రోజు నుంచే ఆ డబ్బు ఎలా రాబట్టాలా అని చూస్తాడు, పర్చేజ్‌లో ఆ చూపు పడ్డవాడు ఎక్కువ కాలం ఉండడు. దీపావళికి స్వీటు డబ్బా వస్తే డిపార్ట్‌మెంట్ మధ్యలో టేబుల్ మీద పెట్టి అందరికీ పంచేయండి, ఇంటికి పట్టుకెళ్ళకండి, ఇది నాకు మా పాత సార్ నేర్పింది.

మా వాడి విషయం. నేనైతే ఫార్మా అన్నా, శాప్ లాగిన్ ఇస్తామని కాంట్రాక్టర్ కాకుండా స్టోర్స్ ఇన్‌ఛార్జి నోటితో చెప్పాక. అది కాకపోతే వైజాగ్. బొబ్బిలి మూడో స్థానం, ఇరవై వేలైనా. వాడు సోమవారం ఇన్‌ఛార్జిని కలిశాడు, మూడు నెలల ట్రైనింగ్ తర్వాత లాగిన్ ఇస్తామన్నారు, చేరిపోయాడు. అప్ప నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మావయ్యా, ట్యాంకరొచ్చింది, సీలు నంబరు ఇన్‌వాయిస్‌లో ఒకలాగుంది వాల్వు మీద ఇంకోలాగుంది, డ్రైవరేమో తొందరగా దించమంటన్నాడు, సంతకం పెట్టేయమంటావా?"

"నాకెందుకు ఫోన్ చేశావురా, ముందు లోపలికెళ్ళి మీ సార్‌కి చెప్పు, బండి గేటవతల పెట్టించు" అని పెట్టేశా.